కంచెకు ఇవతల యాప్రాల్

గత వారం అల్వాల్ వేంకటేశ్వరస్వామి గుడి దగ్గర ఆగాం. ఈ వారం అక్కణ్నుంచి తూర్పుగా యాప్రాల్ వెళ్దాం. దారిలో ఒక పక్క సైన్యం గోడలు, ముళ్లకంచెలు, కాపలా గేట్లు కనిపిస్తాయి. మరో పక్క అపార్ట్‌మెంట్లు, కిరాణా కొట్లు, టిఫిన్ బండ్లు. హైదరాబాద్ చరిత్ర మీద వచ్చిన పుస్తకాల్లో బొల్లారం పేరుంటుంది, తిరుమలగిరి పేరుంటుంది, అల్వాల్ పేరూ ఉంటుంది. యాప్రాల్ పేరు మాత్రం వెతుక్కోవాలి. అయినా ఈ ధారావాహికలో దానికి ఒక వారం పూర్తిగా కేటాయించడానికి కారణం ఉంది. దాదాపు నూట యాభై ఏళ్ల పాటు ఇది రెండు ప్రభుత్వాల మధ్య, రెండు చట్టాల మధ్య, రెండు రకాల రూపాయల మధ్య హద్దు మీద ఉన్న ప్రాంతం. ఇక్కడి చరిత్ర ఆ హద్దు చరిత్రే.

హద్దు అంటే ముందు రాళ్ల సంగతి చెప్పుకోవాలి. తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ బొడ్రాయి ఉంటుంది. దాన్ని నిలిపిన రోజున, లేదా తర్వాత పండుగ చేసిన రోజున, ఆడబిడ్డల్ని పుట్టింటికి పిలుస్తారు. ఊరి పొలిమేర చుట్టూ బలి చల్లుతారు. ఆ తంతు ముగిసేదాకా బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు బయటికి పోకూడదు. రాయి మీద అక్షరం ఉండదు, తేదీ ఉండదు. ఊరు ఎక్కడిదాకా ఉందో ఆ రోజు నడిచినవాళ్లకు తెలుసు, వాళ్ల పిల్లలకు తెలుసు. కంటోన్మెంటు రాయి దీనికి పూర్తిగా వేరు. అది ఊరి నడుమ ఉండదు, అంచున ఉంటుంది. దాని వెనక పటం ఉంటుంది, రిజిస్టరు ఉంటుంది, దాటినవాణ్ని ప్రశ్నించే సిపాయి ఉంటాడు. యాప్రాల్ చుట్టుపక్కల పల్లెలు ఈ రెండు రకాల రాళ్ల మధ్య బతికాయి.

వీటికంటే పాత రాళ్లు కూడా ఈ దరిదాపుల్లోనే ఉన్నాయి. పాత బోయిన్‌పల్లి పక్కన హస్మత్‌పేటలో ఇనుప యుగం నాటి సమాధులున్నాయి. చనిపోయినవాళ్లను పూడ్చి, పైన రాళ్లు కుప్పపోసి, చుట్టూ గుండ్రంగా బండలు పేర్చిన సమాధులు అవి. రాష్ట్ర పురావస్తు శాఖ రక్షిత స్థలం. హైదరాబాద్‌కు నాలుగు వందల ఏళ్ల చరిత్ర అని చెప్పుకుంటాం కదా, ఈ ఉత్తరపు అంచున మనుషులు రెండు వేల ఏళ్ల కిందటే రాయి నిలిపి తమ చనిపోయినవాళ్లను గుర్తుపెట్టుకున్నారు.

ఇక సైన్యం హద్దు ఎలా వచ్చిందో చూద్దాం.

1798లో రెండో నిజాం, నిజాం అలీ ఖాన్, ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఆరు పటాలాల కంపెనీ సైన్యం నిజాం రాజ్యంలో ఉంటుంది, అందుకు ఏటా 24,17,100 రూపాయలు కట్టాలి. 1800లో ఒప్పందం మారింది. సైన్యం పెరిగింది, రొక్కానికి బదులు భూమి ఇచ్చాడు. టిప్పు సుల్తాన్ ఓటమి తర్వాత తన వాటాకు వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాడు. అవే దత్తమండలాలు, తర్వాతి రాయలసీమ. హుసేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగిన సైన్యం జీతం కోసం తెలుగు నేలలో మరో భాగం అలా కంపెనీ పాలన కిందికి పోయింది. మన తెలుగు చరిత్ర పాఠాల్లో దత్తమండలాల అధ్యాయం ఒకచోట, సికింద్రాబాద్ అధ్యాయం ఇంకోచోట ఉంటాయి. ఈ రెంటినీ కలిపి చదవకపోతే రెండూ సగమే అర్థమవుతాయి.

ఆ సైన్యం విడిసిన చోటుకు 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. జనం మాత్రం లష్కర్ అన్నారు, ఇప్పటికీ లష్కర్ బోనాలే అంటున్నారు.

రెండో సైన్యం కథ వేరు. 1813లో, నిజాం కొలువులో కంపెనీ ప్రతినిధి అయిన రెసిడెంటు హెన్రీ రస్సెల్ పూనికతో నిజాం ఖర్చు మీద, ఇంగ్లిషు అధికారుల కింద, రస్సెల్ బ్రిగేడ్ తయారైంది. అదే పెరిగి హైదరాబాద్ కంటింజెంటు అయింది. దాని ముఖ్యమైన మకాం బొల్లారం. అంటే సికింద్రాబాద్‌లో ఉన్నది కంపెనీ సైన్యం, బొల్లారంలో ఉన్నది పేరుకు నిజాం సైన్యం, ఆజ్ఞ ఇచ్చేది మాత్రం దొరలు. ఈ తేడా గుర్తుంచుకుంటేనే తర్వాత జరిగింది అర్థమవుతుంది.

కంటింజెంటు ఖర్చు ఏటా నలభై లక్షల దాకా పోయేది. వ్యవహారమంతా చూసినవాడు చందూలాల్. 1806 నుంచి పేష్కారు, 1832 నుంచి 1843 దాకా దివాను. సైన్యానికి జీతాలివ్వడానికి విలియం పామర్ కంపెనీ దగ్గర నూటికి ఇరవై నాలుగు, ఇరవై అయిదు వడ్డీకి అప్పులు తెచ్చాడు. గత వారం మనం చూసిన అల్వాల్ గుడి కట్టించింది ఈయనే. ఒక చేత్తో గుడి కట్టి, మరో చేత్తో రాజ్యాన్ని అప్పులపాలు చేశాడని చెప్పడం తేలిక. కానీ ఆ సైన్యం వద్దనే అధికారం చందూలాల్‌కు గానీ నిజాంకు గానీ లేదు. వద్దనలేని ఖర్చును ఏ దివాను మాత్రం ఎన్నాళ్లు మోస్తాడు? కంటింజెంటు ఖర్చు బాకీ పేరు చెప్పి 1853 మే 21న గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో బేరారు, రాయచూరు అంతర్వేది, ధారాశివ్ జిల్లాలను కంపెనీ తన చేతిలోకి తీసుకుంది. మొదటి సైన్యానికి రాయలసీమ పోయింది, రెండో సైన్యానికి బేరారు పోయింది.

రాజులు, దివానులు, రెసిడెంట్ల సంగతి ఇంతవరకు చాలు. అటువైపు గుడారాల్లో బతికిన మామూలు మనుషుల్లో ఒకరి పేరు మనకు మిగిలింది. ఆయన సురిటి అప్పయ్య. సైన్యంలో డోలీ మోసే పని. ఉజ్జయినీ మహాకాళి ఆలయ చరిత్ర ప్రకారం 1813లో ఆయన పటాలంతో పాటు ఉజ్జయినికి వెళ్లాడు. ఆ రోజుల్లో లష్కర్‌లో కలరా సోకి వేల మంది చనిపోతున్నారు. ఇంటి దగ్గర మహమ్మారి, మనిషేమో వందల మైళ్ల దూరంలో. తోటివాళ్లతో కలిసి మహాకాళి ముందు మొక్కుకున్నాడు, మా ఊళ్లో జబ్బు తగ్గితే నిన్ను అక్కడ నిలుపుకుంటామని. తిరిగొచ్చాక 1815లో చెక్క విగ్రహం నిలిపారు. తర్వాత దాని చోట రాతి విగ్రహం వచ్చింది.

ఈ తేదీలను కాస్త నిదానంగా చూడండి. రస్సెల్ తన బ్రిగేడ్ తయారుచేసిన సంవత్సరమూ 1813, అప్పయ్య మొక్కుకున్న సంవత్సరమూ 1813. ఒకరు రెసిడెంటు, ఇంకొకరు గాయపడ్డవాళ్లను భుజాన మోసే కూలి. రస్సెల్ పేరు పటాలాలకు పెట్టారు. అప్పయ్య పెట్టిన దేవత ముందు ఏటా ఆషాఢంలో లక్షల మంది బోనమెత్తుతున్నారు. సైన్యం వెంట వచ్చిన డోలీ బోయీలు, సైసులు, చాకళ్లు, భిస్తీలు, గడ్డి కోసేవాళ్లు సిపాయిల కంటే ఎక్కువ మందే ఉండేవారు. వాళ్లలో ఎవరి పేరూ ఏ ఫలకం మీదా లేదు. లష్కర్ అమ్మవారి గుడి ఒక్కటే వాళ్ల స్మారకం. సికింద్రాబాద్ వారసత్వ కట్టడాల గురించి రాసేటప్పుడు చర్చీలు, బారక్‌లు, క్లబ్బులు ముందు చెప్పి, ఈ గుడిని పండుగ వార్తల్లోకి తోసేయడం సరికాదు. కంటోన్మెంటు చరిత్రలో అది మొదటి వరుసలో ఉండాల్సిన గుర్తు.

ఇప్పుడు కంచెకు ఇవతలికి వద్దాం. నిజాం రాజ్యంలో హైదరాబాద్ చుట్టూ ఉన్న జిల్లాను అత్రాఫ్-ఎ-బల్దా అనేవారు. మేడ్చల్ అందులో ఒక తాలూకా. ఆ జిల్లా ఆదాయంలో ఎక్కువ భాగం సర్కారు ఖజానాకు కాదు, నిజాం సొంత ఖర్చుకు పోయే సర్ఫ్-ఎ-ఖాస్‌కు చేరేది. కంటోన్మెంటు లోపల రెసిడెంటు అధికారం నడిచేది. బయట నిజాం అమీను, నిజాం పటేలు పట్వారీలు. నాలుగడుగులు వేస్తే కోర్టు మారేది.

రూపాయి కూడా మారేది. నిజాం వైపు చెల్లేది హాలీ సిక్కా, లష్కర్ లోపల చెల్లేది కంపెనీ వారి, తర్వాత విక్టోరియా రాణి బొమ్మ ఉన్న కల్దారు రూపాయి. చివరికి స్థిరపడిన మారకం లెక్క ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. హద్దు పక్కన పల్లె నుంచి పాలు, గడ్డి, కట్టెలు, కూరగాయలు బారక్‌లకు తీసుకెళ్లి అమ్మితే వచ్చేది కల్దారు. ఊళ్లో శిస్తు కట్టాల్సింది హాలీలో. మధ్యలో మార్చే షావుకారు తన బట్టా, అంటే మార్పిడి రుసుము, పట్టుకునేవాడు. ఆ లెక్క ఆ పల్లెల్లో బడికి పోనివాళ్లకు కూడా నోటికి వచ్చి తీరాలి, రాకపోతే మోసపోతారు. 1950లో భారత రూపాయి వచ్చిన తర్వాత కూడా కొన్నేళ్లు హాలీ సిక్కా అదే ఏడుకు ఆరు లెక్కన చెలామణిలో ఉంది. పాత ఇళ్లలో ఉగ్గాణాల్లో, దేవుడి గూట్లో చార్మినార్ బొమ్మ ఉన్న నాణేలు ఇప్పటికీ దొరుకుతుంటాయి. అవి ఈ హద్దు చరిత్రకు చేతికందే సాక్ష్యాలు.

హద్దు మీద బతుకు ఎప్పుడూ సాఫీగా సాగలేదు. 1855 సెప్టెంబరులో బొల్లారంలో జరిగిన గొడవ ఇందుకు ఉదాహరణ. అప్పుడు కంటింజెంటు బ్రిగేడియరు కాలిన్ మెకంజీ. తెలుగువాళ్లకు కైఫీయతులు సేకరించి పెట్టిన మెకంజీ ఈయన కాదు, ఆయన 1821లోనే పోయాడు. ఆ ఏడాది మొహర్రం రోజుల్లో ఆదివారం వచ్చింది. ఆ రోజు ఊరేగింపులు, వాద్యాలు వద్దని మెకంజీ ఆజ్ఞ వేశాడు, తర్వాత కొంత సడలించాడు. పీర్ల పండుగగా పిలిచే మొహర్రం ఈ ప్రాంతంలో ముస్లింలదే కాదు, పల్లె మొత్తానిది. ఊరేగింపు తన బంగళా ముందుకు వచ్చేసరికి ఆయనే వెళ్లి జెండాలు లాక్కున్నాడు. మూడో అశ్విక దళం సిపాయిలు కత్తులతో మీదపడ్డారు. ప్రాణాపాయపు గాయాలతో బయటపడ్డాడు. విచారణలో మెకంజీ దుడుకుతనాన్ని గవర్నర్ జనరలే తప్పుపట్టాడు. 1857 మీరట్ తిరుగుబాటుకు ఇంకా రెండేళ్ల వ్యవధి కూడా లేని రోజులు అవి. జనం నమ్మకాన్ని ఒక్క కాగితం ముక్కతో ఆపగలననుకున్న అధికారికి బొల్లారం ముందే జవాబు చెప్పింది. పైవాళ్లు ఆ జవాబును సరిగ్గా చదువుకోలేదు.

1857 తర్వాత తిరుమలగిరిలో రక్షణ కందకం తవ్వారు, కోట ఆకారంలో సైనిక జైలు కట్టారు. గోడలు పెరిగాయి. ఈ రోజు యాప్రాల్ జనం చూసే గేట్ల ఆలోచన అప్పటిదే.

బొల్లారంలో అందరికీ తెలిసిన కట్టడం రాష్ట్రపతి నిలయం. ఒకప్పుడు రెసిడెంటు విడిది. హైదరాబాద్ భారత్‌లో కలిశాక రాష్ట్రపతి దక్షిణాది విడిది అయింది. 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా జనం చూడొచ్చు. వంటింటి నుంచి భోజనశాలకు వెళ్లే సొరంగం, బాగుచేసిన దిగుడు బావులు, తోటలు, అన్నీ చూడదగినవే. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. అయితే ఒక సంగతి. ఈ భవనాన్ని 1860లో నిజాం నాజిర్-ఉద్-దౌలా కట్టించాడని అధికారిక పరిచయాలతో సహా చాలాచోట్ల రాస్తారు. నాజిర్-ఉద్-దౌలా చనిపోయింది 1857 మేలో. 1860లో గద్దె మీద ఉన్నది ఆయన కొడుకు అఫ్జల్-ఉద్-దౌలా. సంవత్సరం నిజమైతే పేరు తప్పు, పేరు నిజమైతే సంవత్సరం తప్పు. నిజాముల జాబితా పక్కన పెట్టుకుంటే తేలిపోయే విషయం ఇది. దేశాధ్యక్షుల ఇంటి గురించే ఇన్నాళ్లు ఎవరూ సరిచూడకపోతే, యాప్రాల్ లాంటి ఊళ్ల గురించి రాసినదాన్ని ఎవరు సరిచూస్తారు? చరిత్ర ఫలకం పెట్టడం ఎంత ముఖ్యమో, పెట్టిన మాటను పరీక్షించడం అంత ముఖ్యం. తప్పు ఫలకం కంటే ఖాళీ గోడే నయం.

దగ్గర్లోనే 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఉంది. 1983 నవంబరు 20న రెండో ఎలిజబెత్ రాణి, ఫిలిప్ తమ 36వ పెళ్లిరోజున ఇక్కడ ప్రార్థన చేశారు. వాళ్ల పెళ్లికి వజ్రాల హారం కానుకగా పంపింది ఏడో నిజామే. ఈ చర్చి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది ఈ మైదానాల్లో కవాతు నేర్చిన పటాలాలు ఎక్కడెక్కడికి వెళ్లాయన్నది. 1903లో కంటింజెంటును భారత సైన్యంలో కలిపేశారు. దాని గుర్రపు దళాల వారసత్వంతో వచ్చిన దక్కన్ హార్స్, 1916 జూలై 14న ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధంలో, మరతుపాకుల కాలంలో ఈటెలతో గుర్రాల మీద దూకింది. పదాతి పటాలాలు 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటు అయ్యాయి. 1945లో దాని పేరు కుమావూ రెజిమెంటుగా మారింది. 1947 నవంబరు 3న శ్రీనగర్ విమానాశ్రయాన్ని కాపాడుతూ బడ్గాంలో ప్రాణమిచ్చి, దేశంలో మొట్టమొదటి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ 1942లో సైన్యంలో చేరింది ఈ హైదరాబాద్ రెజిమెంటులోనే. హిమాలయాల్లో రాణిఖేత్‌లో ఉన్న ఆ రెజిమెంటు తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకునేటప్పుడు హైదరాబాద్ పేరు, రస్సెల్ పేరు తలుచుకుంటుంది. మన బొల్లారం రోడ్డు మీద ఆ సంగతి చెప్పే పలక ఒక్కటి ఉంటే ఎంత బాగుంటుంది!

1945లో సికింద్రాబాద్ పౌర ప్రాంతాన్ని నిజాంకు తిరిగి ఇచ్చారు. మూడేళ్లు తిరక్కుండానే 1948 సెప్టెంబరు 13న హైదరాబాద్ మీద భారత సైన్యం పోలీసు చర్య మొదలై 17న ముగిసింది. అంతకుముందు నెలల్లో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్ కె.ఎం. మున్షీ మకాం బొల్లారంలోనే. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వంలో కలిసిపోయింది. పాలకులు మారారు, జెండాలు మారాయి, కంటోన్మెంటు గీత మాత్రం చెరగలేదు. గీతకు ఇవతల ఆ తర్వాత మాజీ సైనికులు వచ్చి ఇళ్లు కట్టుకున్నారు. సైనిక్‌పురి అలా వెలిసింది, యాప్రాల్ కాలనీల్లోనూ పదవీ విరమణ చేసిన సైనిక కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్నాయి. ఒకప్పుడు పాలు అమ్ముకోవడానికి హద్దు దాటిన ఊరు, ఇప్పుడు హద్దు లోపల పనిచేసినవాళ్లకు శాశ్వత నివాసం. 2007లో ఇక్కడి మున్సిపాలిటీలు మహానగరంలో కలిశాయి. 2016 అక్టోబరు 11న మేడ్చల్ జిల్లా ఏర్పడింది. అత్రాఫ్-ఎ-బల్దా నుంచి లెక్కేస్తే ఈ నేలకు ఇది ఎన్నో చిరునామానో! కంటోన్మెంటు రోడ్లు ఎప్పుడు మూస్తారు, ఎప్పుడు తెరుస్తారు అన్న చర్చ మాత్రం ఇప్పటికీ ఇక్కడ ప్రతి ఇంట్లో ఉంది.

వారసత్వ రక్షణ సంగతి చూస్తే ఈ అంచుకు అందినది తక్కువ. హైదరాబాద్ వారసత్వ కట్టడాలకు కాపుగా ఉన్న పాత జోనింగ్ నిబంధన 13ను 2015లో తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. చట్టం కళ్లకు పెద్ద కట్టడాలే కనిపిస్తాయి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పొక్లెయిను తవ్విపోసే మైలురాయి, అపార్ట్‌మెంటు పునాదిలో పూడిపోయే పాత బావి గట్టు, రంగు పూసి అక్షరాలు చెరిపేసిన గుడి ముందు బండ, వీటికి చుట్టుపక్కల జనమే కాపు. కాలనీ సంఘాలు గేటు మీద పేరు వేసుకోవడానికి పెట్టే ఖర్చులో పదో వంతుతో ఒక మంచి రాతి పలక వస్తుంది. యాప్రాల్ చౌరస్తాలో అలాంటిది పెట్టాలి. దాని మీద 1798 ఒప్పందం, దానికి ఇచ్చిన మూల్యం ఉండాలి. హాలీ కల్దారు లెక్క ఉండాలి. పేర్లు మిగలని డోలీ బోయీలు, సైసులు, పాలవాళ్లు ఉండాలి. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిషులో ఉండాలి. చెక్కించే ముందు తేదీలను చరిత్ర తెలిసిన ఇద్దరికి చూపించాలి.

ఈ లోగా పాఠకులకు ఒక విన్నపం. మీ వీధిలో, మీ పొలం గట్టున, పాత బావి దగ్గర అక్షరాలున్న రాయి గానీ, గుండ్రంగా పేర్చిన బండలు గానీ కనిపిస్తే కదిలించకండి. రంగు పూయకండి, ఉలితో గీకకండి. ఉదయమో సాయంత్రమో ఏటవాలు ఎండలో, పక్కన ఒక స్కేలు పెట్టి ఫొటో తీయండి. ఎక్కడుందో, ఎవరి నోట ఏం విన్నారో రాసి పెట్టండి, వారసత్వ తెలంగాణ శాఖకు తెలియజేయండి. సైన్యం కంచె లోపల మాత్రం అనుమతి లేకుండా ఫొటోలు తీయకండి. ఇంట్లో ఎనభై దాటిన పెద్దవాళ్లుంటే, కల్దారు రూపాయి సంగతి ఈ ఆదివారమే అడగండి.

వచ్చే వారం కీసరగుట్టకు వెళ్దాం. విష్ణుకుండినుల ఇటుకలు అక్కడ మన కోసం ఉన్నాయి.